నవ్వమన్నది నేనే

ఫిబ్రవరి 11, 2025. మంగళవారం

కార్యక్రమం బాగానే జరిగింది. సురక్షిత ఇంటర్నెట్ దినమట. నిన్న సాయంత్రం జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది. ఈరోజు నాలుగు గంటలలోపు పిల్లలతో ప్రతిజ్ఞ చేయించి ఫోటోలు పంపాలి. "తగిన ప్రచారం కల్పించాలి" అని చివర్లో ఒక వాక్యం.

పొద్దున బడికి ముందుగా వెళ్లి చార్టు రాశాను. తెలియనివాళ్లతో మాట్లాడవద్దు. ఫోటోలు పంపవద్దు. బెదిరిస్తే బ్లాక్ చేయాలి. పెద్దలకు చెప్పాలి. భయపడవద్దు.

చార్టు పట్టుకోవడానికి తొమ్మిదో తరగతి సింధుజను ముందు నిలబెట్టాను. ముడిమ్యాల నుంచి ఆటోలో వచ్చే పిల్ల. మాటలు తక్కువ. ఫోటోలో ముఖం బాగా వస్తుంది.

"జర నవ్వు బిడ్డా, గట్ల ముడుచుకుంటె ఎట్ల?" అన్నాను. నవ్వింది.

పన్నెండు ఫోటోలు జిల్లాకు పంపాను. అవే బడి పేజీలో పెట్టాను. పేజీ నడిపేది నేనే కదా. హెడ్మాస్టరు సుకుమార్ సార్ చాలా సంతోషించారు. "మండలంల ఫస్టు మనమే, ఆశా మేడం" అన్నారు.

అరిచి అరిచి గొంతు పోయింది.

ఫిబ్రవరి 13

పేజీలో నాలుగు వందల లైకులు. ఎప్పుడూ నలభై దాటవు. ఎక్కడెక్కడి వాళ్లో చూస్తున్నారు. మంచిదే.

ఫిబ్రవరి 24, సోమవారం

బడి వదిలాక సింధుజ నా స్కూటీ దగ్గర నిలబడి ఉంది. ఆటో పోతుందేమో చూసుకో అన్నాను. కదల్లేదు.

"మేడం, మా దోస్తును ఎవడో బెదిరిస్తున్నడట. ఫోటో పంపి."

"ఏ దోస్తు?"

"ఏరే బడిల చదువుతది."

"ఎసొంటి ఫోటో?"

చెప్పు అంచుతో మట్టి గీకింది. "ఆమెది కాదట మేడం. ఆమె మొఖం తీసి పెట్టిండట. అసలుయి పంపకుంటె అందరికి చూపిస్త అంటున్నడట."

"బ్లాక్ చెయ్యమను. అమ్మకు చెప్పమను. చార్టుల రాసినం గద."

"బ్లాక్ చేస్తె ఊకుంటడా?"

"ఊకుంటడు. మనం భయపడితెనే గాళ్లకు బలం."

అత్తమ్మకు మొయినాబాద్‌లో కంటి దవాఖాన టోకెను ఐదింటికి. అప్పటికే నాలుగున్నర దాటింది. బండి స్టార్ట్ చేశాను. అద్దంలో చూస్తే అక్కడే ఉంది.

దోస్తు అనే చెప్పింది. వేరే బడి అనే చెప్పింది. అడిగినదానికి చెప్పాను.

ఫిబ్రవరి 27

సింధుజ మంగళవారం రాలేదు. నిన్న శివరాత్రి సెలవు. ఇవాళా రాలేదు. పండగకు చుట్టాలింటికి పోయి ఉంటారు.

మార్చి 3, సోమవారం

సింధుజ నాన్న పరమేష్‌కు ఫోన్ చేశాను. "జొరం మేడం" అన్నాడు. ఎన్ని రోజులుగా అని అడిగేలోపు పెట్టేశాడు. వెనక నుంచి ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించింది. టీవీ కూడా కావచ్చు.

గైర్హాజరుకు కారణం జ్వరం అని రాశాను.

మార్చి 5, బుధవారం

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలం ఈరోజు నుంచి. సాయంత్రం చర్చికి పోదామనుకున్నాను. పోలేదు.

మధ్యాహ్నం సింధుజ తల్లి సమత బడికి వచ్చింది. టీసీ కావాలంది. పరీక్షలు నెల రోజులు ఉండగా టీసీ ఏమిటమ్మా అన్నాను. స్టాఫ్ రూములో ఎవరూ లేరు. తలుపు దగ్గరకు వేసి, కొంగులోంచి ఫోన్ తీసింది.

"నేను నోటితోని చెప్పలేను మేడం. మీరే చూడున్రి."

చూశాను. ఒక్క క్షణమే చూశాను. చూడదగిన ఫోటో కాదు. ముఖం మాత్రం సింధుజది. సమత ఫోన్ బోర్లించి బల్ల మీద పెట్టింది.

వాడు ముందు ఫోన్‌లో ఆడపిల్ల పేరుతో మాట కలిపాడట. శంకర్‌పల్లి దగ్గర చదువుతున్నానన్నాడట. తర్వాత ఈ ఫోటో పంపి, అసలువి పంపమని బెదిరించాడట. పిల్ల పంపలేదు. శివరాత్రికి ముందు సోమవారం సాయంత్రం దాన్ని ఊళ్లోవాళ్లకు పంపాడు. సింధుజ మేనమామకు, పాలకేంద్రం అతనికి, ఆటో అతనికి, ఇంకా ఎందరికో.

"ఎవలు చూసిన్రో ఎవలు చూడలేదో తెల్వది మేడం. అందరు చూసినట్టే ఉన్నది. టీసీ ఇయ్యున్రి, మా అక్క దగ్గరికి పంపిస్త."

ఆ సోమవారం సాయంత్రం. నా స్కూటీ దగ్గర నిలబడిన రోజు.

సార్‌తో మాట్లాడి చెబుతానని పంపేశాను.

అదే రోజు

ఆ ముఖంలో బొట్టు కొద్దిగా ఎడమకు జరిగి ఉంది. ఎండకు ఒక కన్ను చిన్నదైంది. నవ్వీ నవ్వనట్టు ఉంది.

పిల్లల ముఖాలన్నీ ఎండలో అలాగే ఉంటాయి.

పేజీలోంచి ఆ పన్నెండు ఫోటోలు తీసేశాను. ఎలాగూ పాతవి అయిపోయాయి.

మార్చి 6

సుకుమార్ సార్ మొత్తం విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డ మనిషి కాదు. వచ్చే ఏడాది రిటైర్మెంటు.

"వాళ్లే వద్దంటున్నరు మేడం. టీసీ ఇచ్చేద్దం. పిల్లకు మంచిది, బడికి మంచిది."

"చెప్పకపోతె మన మీద కేసు అయితది సార్. ట్రైనింగుల చెప్పిన్రు. పిల్లల మీద గిసొంటిది తెలిసి ఠాణాల చెప్పకుంటె, తెలిసినోళ్లది కూడ నేరమే."

"తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

ఆ మాట అన్నాక ఆయనే తల దించుకున్నారు. గంట కొట్టారు. ఎనిమిదో తరగతికి పోయి జీర్ణవ్యవస్థ చెప్పాను.

మార్చి 7, శుక్రవారం

ముడిమ్యాల పోయాను. వాళ్లది గులాబీ తోట. పొద్దున కోసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపుతారు. వారం నుంచి కోయలేదేమో, పూలు చెట్ల మీదే విచ్చుకుని రాలుతున్నాయి. పరమేష్ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు కానీ నమస్తే పెట్టలేదు.

పోలీసులకు చెబుదామన్నాను.

"చెప్తె ఏమైతది మేడం? ఇప్పుడు ఊరికే తెలుసు. అప్పుడు కోర్టు దాంక తెలుస్తది. సర్కారు ఏం చేస్తది? రేషనిస్తది, కరెంటు బిల్లు పంపిస్తది, ఓటుకు వస్తది. నా ఇంట్ల, నా బిడ్డ చేతిల ఉన్న ఫోన్లకు ఎవడో దూరిండు. గప్పుడు ఏడ వోయింది సర్కారు?"

అతని లెక్కలో నేనూ సర్కారే. నెలనెలా జీతం తీసుకునే సర్కారు.

సింధుజ లోపల మంచం మీద గోడవైపు తిరిగి ఉంది. పక్కన కూర్చున్నాను. జడ వేసుకుని చాలా రోజులైనట్టుంది.

"పోలీసులకు చెప్పకున్రి మేడం."

"నీ తప్పేం లేదు బిడ్డా."

"మీరు బ్లాక్ చెయ్యమన్నరు. ఆ దినమే ఇంటికొచ్చి చేసిన. గంటకే అందరికి పంపిండు."

తిరగకుండానే చెప్పింది. కోపంగా కాదు. ఏం జరిగిందో వరసగా చెప్పినట్టు చెప్పింది.

దోస్తు అనే చెప్పింది కదా అని అనబోయాను. అనలేదు. అందుకు దేవునికి స్తోత్రం.

మార్చి 8, శనివారం

ఠాణాకు వెళ్లాను. సార్‌కు చెప్పలేదు, మా ఆయన రత్నాకర్‌కూ చెప్పలేదు. ఆయన చందనవెల్లి ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు.

బల్ల దగ్గర కూర్చున్నతను తల్లిదండ్రులను తీసుకురమ్మన్నాడు. వెనక ఫైళ్లు సర్దుతున్న ఏఎస్సై ఒకామె ఆ మాట విని ఇటు వచ్చింది. సక్కుబాయి అట. యాభై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు, గట్టి గొంతు.

"అమ్మనాయినలే రావాలని ఎక్కడున్నది? తెలిసినోళ్లు ఎవలైనా చెప్పొచ్చు. చెప్పకుంటెనే తప్పు. కూసో టీచరమ్మా."

రెండు గంటలు రాసుకుంది. ప్రతి తేదీ రెండుసార్లు అడిగింది. ఫిబ్రవరి 24 గురించి అంతా చెప్పాను. అమ్మాయి పేరు బయటికి రాదని, పేపరుకైనా ఎవరికైనా చెబితే చెప్పినవాళ్ల మీదే కేసని అంది.

చివర్లో పెన్ను మూసి అడిగింది. "మొఖం ఫోటో వానికి ఏడ దొరికింది? పిల్ల పెట్టుకున్నదా?"

"తెలియదు మేడం" అన్నాను.

పిల్లలు ఈ రోజుల్లో ఎక్కడెక్కడో పెట్టుకుంటారు. నాకెలా తెలుస్తుంది?

మార్చి 10, సోమవారం

సక్కుబాయి ముడిమ్యాల వస్తానంది, నన్నూ రమ్మంది. యూనిఫాం వేసుకోలేదు. మామూలు నేత చీర, భుజానికి గుడ్డ సంచి. ఊళ్లోవాళ్లు చూసినా ఎవరో చుట్టం అనుకుంటారు. నియమమే అలా ఉందట, పిల్ల దగ్గరికి పోలీసు బట్టల్లో పోకూడదట. నియమం రాసినవాళ్లు ఎవరో ఒకరోజు పిల్లల గురించి కూర్చుని ఆలోచించారన్నమాట.

సింధుజ ఆమెతో మాట్లాడింది. నాతో మాట్లాడలేదు. నేను వాకిట్లో కూర్చున్నాను. సమత మంచినీళ్లు తెచ్చి, గ్లాసు ఇవ్వకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

"మేడం, ఒక్కటి అడుగుత. కోపం చెయ్యకున్రి. అది నిజంగ మా బిడ్డ కాదా?"

"అదేం మాట సమతా?"

"కాదనే చెప్తున్నది. నేను నమ్ముతున్న. ఆయన నమ్ముతలేడు. మొఖమైతె మా పిల్లదే గద అంటున్నడు. మూడు దినాల సంది బిడ్డతోని మాట్లాడలేదు. ప్రమాణం చేసి చెప్పున్రి మేడం, మీరు చదువుకున్నోళ్లు. అది మా బిడ్డ కాదు గద?"

"పిల్ల కాదంటే కాదమ్మా" అన్నాను.

నీళ్లు తాగాను.

మార్చి 12

సక్కుబాయి ఫోన్ చేసింది. ఆ ఫోటో తిరుగుతున్న యాప్ కంపెనీకి రాస్తే జవాబు వచ్చిందట. ఫోటో తమ నియమాలకు విరుద్ధంగా లేదట. ఇంగ్లీషులో, మర్యాదగా. ఆమె మళ్లీ నోటీసు పంపింది. ఈసారి చట్టం పేరు, పిల్ల వయసు రాసి పంపింది.

"ఒరిజినల్ ఫోటో దొరికితె మంచిగుంటది టీచరమ్మా. రెండు పక్కపక్కన పెడితె ఇది దొంగదని గుడ్డోనికి గూడ తెలుస్తది. ఇంట్లోళ్లకు చూపియ్యొచ్చు. ఊరోళ్ల నోరు మూస్తది."

మార్చి 13

పేజీలో లేవు. నా ఫోన్‌లో ఉన్నాయి. పన్నెండూ.

మార్చి 14

హోలీ సెలవు. ఇల్లు సర్దాను. వంటింటి అలమారలో డబ్బాలన్నీ దించి కడిగాను.

మార్చి 15

కంపెనీ ఫోటో తీసేసింది. మధ్యాహ్నానికి ఇంకోచోట కనిపించింది. సక్కుబాయి గొంతులో విసుగు లేదు. "ఇది కలుపు తీరు. పీకుతనే ఉండాలె. మల్ల రాస్త" అంది.

మార్చి 16, ఆదివారం

చర్చిలో కూర్చున్నాను కానీ పాస్టరు గారు ఏం చెప్పారో ఒక్క మాట గుర్తులేదు. ఇంటికి వచ్చి రత్నాకర్‌కు ఫోటో చూపించాను. చార్టు పట్టుకున్న సింధుజ. అంతా చెప్పాను. అత్తమ్మ ప్రేమమ్మ అక్కడే చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమెను పొమ్మని చెప్పలేదు, వినమనీ చెప్పలేదు.

రత్నాకర్ చాలాసేపు ఫోటో చూశాడు. "నువ్వు చేసింది ఆఫీసోళ్లు చెప్పిందే గద. అందరు టీచర్లు పెడుతున్నరు. నువ్వే పోయి చెప్తె నిన్నే పట్టుకుంటరు. సస్పెండ్ చేస్తరు ఆశా."

"తెలుసు."

"ఫోటో తీసేసినవు గద. ఇంక అయిపోయింది."

అత్తమ్మ చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపింది. "ఆ పిల్లకు అయిపోయిందా?" అంది కొడుకుతో.

ఇప్పుడు రాస్తున్నాను, ఎవరికీ కాదు, నాకే. మార్చి ఐదో తేదీనే గుర్తుపట్టాను. ఒక్క క్షణం చూసినా గుర్తుపట్టాను. ఆ నవ్వు నేను అడిగి తెప్పించింది. తొమ్మిది రోజులుగా ఆ తండ్రి కూతురితో మాట్లాడకపోవడానికి, ఆ తల్లి బయటివాళ్లను ప్రమాణం అడగడానికి కారణం నా ఫోన్‌లో ఉంది.

మార్చి 17, సోమవారం

ముందు ఠాణాకు పోయాను. సక్కుబాయి ఫోటో చూసింది. నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను.

"ఆ దినం అడిగితె తెల్వదంటివి."

"అబద్ధం చెప్పిన మేడం."

"ఊ. అది గూడ రాస్త." రాసింది. చదివి వినిపించింది. సంతకం పెట్టాను.

తర్వాత ఇద్దరం ముడిమ్యాల పోయాం. పరమేష్‌ను ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టి, సక్కుబాయి ఆ దొంగ ఫోటోలో ముఖం వరకే కనిపించేలా చేసి, నా ఫోన్ పక్కన పెట్టింది. బొట్టు. చిన్నదైన కన్ను. జడ రిబ్బను మడత కూడా అదే. ఒకదాంట్లో మెడ కింద బడి డ్రెస్సు, చేతిలో చార్టు, వెనక మా బడి గోడ.

పరమేష్ వంగి చూశాడు. మళ్లీ చూశాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. సమత ఏడవలేదు. లోపలికి పోయి కూతురిని తీసుకొచ్చి అతని ఎదురుగా నిలబెట్టింది.

"మాట్లాడు ఇప్పుడు" అంది భర్తతో.

అతను కూతురి చేయి పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు.

సింధుజ చేయి వెనక్కి తీసుకోలేదు. నా వైపు చూసింది. ఎన్నో రోజుల తర్వాత మొదటిసారి నేరుగా చూసింది.

"ఇది మీ తాన మొదటి సంది ఉన్నదా మేడం?"

"ఉన్నది."

"మరి?"

భయపడ్డాను అన్నాను. అది నిజం. నిజమైనా సరిపోయే జవాబు కాదు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. నేనే కళ్లు దించుకున్నాను.

మార్చి 26

ఠాణాలో నేను చెప్పింది జిల్లా ఆఫీసు దాకా పోయింది. అక్కడి నుంచి సంజాయిషీ నోటీసు. విద్యార్థిని ఫోటోను తల్లిదండ్రుల అనుమతి లేకుండా బహిరంగ పేజీలో ఎందుకు ఉంచారు? మూడు రోజుల్లో జవాబివ్వాలి.

సుకుమార్ సార్ కంగారుపడ్డారు. "ప్రచారం కల్పించమని మీరే అన్నరు అని రాయండి మేడం. ఉత్తర్వు కాపీ పెట్టండి."

పెట్టాను. కానీ దాని చాటున దాక్కోలేదు. ఫోటో నేను పెట్టాను, తప్పు నాది అని మొదటి వాక్యం రాశాను. పిల్లలను కాపాడే కార్యక్రమానికి పిల్లల ముఖాలే రుజువుగా అడగవద్దని, అన్ని బడుల పేజీల్లో ఉన్నవి తీయించాలని చివర రాశాను.

ఏప్రిల్ 9

వార్షిక పరీక్షలు మొదలు. సింధుజ వచ్చింది. పరమేష్ బండి మీద దింపాడు, అయిపోయే వరకు గేటు బయట ఎండలో నిలబడ్డాడు. ఇద్దరు పిల్లలు ఆమె పక్కన కూర్చోకుండా జరిగారు. మూడో పిల్ల వచ్చి కూర్చుంది.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

ఏమీ రాయాలని లేదు.

ఏప్రిల్ 29, మంగళవారం

వాడు దొరికాడు. వేరే జిల్లాలో, ఇరవై ఆరేళ్లవాడు. డిగ్రీ చదివాడట. ఇంట్లో తల్లి, చెల్లెలు ఉన్నారట. సక్కుబాయి ఫోన్‌లో కాదు, ఇంటికి వచ్చి చెప్పింది. అత్తమ్మ చాయ్ ఇచ్చింది.

"వాని కంప్యూటర్ల అరవై ఒక్క మంది పిల్లలు ఉన్నరు టీచరమ్మా. సగం కన్నా ఎక్కువ బడి డ్రెస్సులే. పంద్రాగస్టుయి, బాలల దినంయి, ప్రతిజ్ఞలు చేసినయి. వాడు ఎవ్వలి ఇంట్లకు దూరలేదు. బడులన్నీ తలుపులు తీసే పెట్టినయి."

"మిగిలినవాళ్ల ఇళ్లకు చెప్పారా?"

"చెప్తున్నం. ఒక్కొక్క ఊరు వెతుక్కుంట పోవాలె. నేను నిన్న నాలుగిండ్లు తిరిగిన. మూడిండ్లల్ల మా పిల్ల కాదని తలుపేసిన్రు." చాయ్ చల్లారిపోయింది. అలాగే తాగింది. "సర్కారు పెద్దదే. కని ఆ తలుపు కాడికి వచ్చేసరికి నేనొక్కదాన్నే ఉంట."

మే 20

హెచ్చరిక నా సర్వీసు పుస్తకంలో నమోదైంది. రత్నాకర్ సస్పెన్షన్ కాలేదు, నయం అన్నాడు. బడి పేజీల్లోంచి పిల్లల ఫోటోలు తీసేయాలని జిల్లా అంతటికీ ఉత్తర్వు వచ్చింది. నేను రాసినందుకో, అరవై ఒక్క మంది దొరికినందుకో తెలియదు. ఎందుకైతేనేం.

జూన్ 12, గురువారం

బడి తెరిచారు. సమత మళ్లీ టీసీ అడగలేదు. సింధుజ పదో తరగతిలో కూర్చుంది. క్లాస్ టీచరు నేనే.

రెండేళ్లుగా హాజరు ఫోన్‌తోనే. యాప్ తెరిచి పిల్ల ముఖం ముందు పెడితే, పేరు దానంతట అదే పడుతుంది. వరసగా తీసుకుంటూ వచ్చాను. సింధుజ దగ్గరికి వచ్చేసరికి ఆమె పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"నా మొఖం వద్దు మేడం."

ఇది ఎవరికీ కనిపించదు బిడ్డా, సర్కారు దగ్గరే ఉంటుంది అని చెప్పవచ్చు. నాకు తెలిసినంతవరకు అది నిజం కూడా. ఆ పుస్తకం పట్టుకున్న వేళ్లు చూశాక ఆ మాట నా నోట రాలేదు.

ఫోన్ సంచిలో పెట్టాను. బీరువాలోంచి కాగితం రిజిస్టరు తెచ్చి ఆమె పేరు రాశాను.

జూన్ 16

సుకుమార్ సార్: "యాప్‌ల ఆ పిల్ల రోజు గైర్హాజరు పడుతున్నది మేడం. పైనుంచి అడుగుతరు."

"అడగనీయండి సార్. ఆ పిల్లకు కాగితం హాజరే చాలని ఆఫీసుకు రాసిన, చూడండి."

ఆయన ఇంకేదో అనబోయి, నా కాగితం తీసుకుని కింద తన సంతకం కూడా పెట్టారు. అలా పెడతారని నేను అనుకోలేదు.

జూన్ 25, బుధవారం

ఆఫీసు నుంచి జవాబు రాలేదు. రెండో ఉత్తరం పంపాను.

బడి తెరిచినప్పటి నుంచి సింధుజ ఒక్కరోజు మానలేదు. యాప్‌లో చూస్తే ఒక్కరోజూ రాలేదు. నాతో మాట్లాడదు. సందేహం ఉంటే లెక్కల సార్‌ను అడుగుతుంది, సైన్సుదైనా సరే. నేను మళ్లీ క్షమాపణ అడగలేదు. అడిగితే జవాబు చెప్పే బాధ్యత ఆమె మీద పెట్టినట్టవుతుంది.

మిగిలిన అందరి ముఖాలు అయ్యాక రిజిస్టరు తెరుస్తాను. అందులో ఉన్నది ఒక్క పేరే. ఇవాళ కూడా పిలిచాను.

"ఉన్న మేడం" అంది.

గీత గీశాను. పాఠం మొదలుపెట్టాను.